సెట్‌లోనే తేడా ఉంది

మా ఇంట్లో టీవీ కొనకముందే దానికి పెట్టె తయారైంది. ఇది విని నవ్వేవాళ్లు ఫౌజీ కాపురం చేసినవాళ్లు కారు. మూడేళ్లకో బదిలీ, బదిలీకో లారీ అయిన బతుకులో ప్రతి వస్తువుకూ నల్లరంగు చెక్కపెట్టె ఒకటి ఉండి తీరాలి. దాని మీద తెల్లపెయింటుతో మా ఆయన పేరు, ర్యాంకు. బదిలీ లేనప్పుడు అవే పెట్టెలు వరసగా పేర్చి పరుపేస్తే దివాన్, ఒకదాన్ని గోడకు చేర్చి దుప్పటి కప్పితే టీవీ బల్ల. ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఈ క్వార్టర్‌కి వచ్చాక పాత టీవీ మూలపడింది. కొత్తది ఎంత పెద్దది తీసుకోవాలని నేనూ అమ్మాయీ ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం, ఈయన వడ్రంగిని పిలిచి పెట్టె చేయించేశారు. లారీలో మిగిలే జాగాకి సరిపడా కొలతలు. ఆ తర్వాత ఆ పెట్టెలో పట్టే టీవీ కోసం వెతుకులాట. వసంత్ కుంజ్ షాపులో సేల్స్‌మన్ తెర మీది రంగుల్ని వర్ణిస్తుంటే ఈయన జేబులోంచి టేపు తీసి టీవీ మందం కొలుస్తున్నారు. అతను నా వంక చూశాడు. నేను పక్కనున్న ఫ్రిజ్ వంక చూశాను.

పెట్టెలో పట్టే టీవీ దొరికింది. బొమ్మ బాగుంది. గొడవంతా శబ్దంతో మొదలైంది.

ఆ గొడవ వెనక ఇంకో సంగతి ఉంది. అది ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు కూడా ఆయనలాగే టీవీని తిట్టుకుంటూ కూర్చుంటారు. మా ఆయన సుబేదారు. సర్వీసంతా వైర్‌లెస్ సెట్లు నడపడం, చెడిపోతే బాగుచేయడం. ఆ సెట్లు నడవాలంటే పక్కన జెనరేటర్ నడవాలి, జెనరేటర్ నడుస్తుంటే దాని పక్కన ఈయన కూర్చోవాలి. అది చాలదన్నట్టు ఏటేటా ఫైరింగ్ రేంజ్. అలా అలా ఆయన ఎడమ చెవి మొద్దుబారింది. నేను కనిపెట్టడానికే చాలాకాలం పట్టింది. ఎడమ పక్కన కూర్చుని ఏం చెప్పినా "ఊఁ" అనేవారు. మా చెల్లెలి ఇంటికి పదిరోజులు వెళ్లొస్తానంటే ఊఁ. పప్పులో ఉప్పెక్కువైందా అంటే ఊఁ. మొదట్లో ఎంత మంచి మొగుణ్ని ఇచ్చాడు దేవుడు అనుకున్నాను.

ఆ ఏడాది ఆయన సర్వీసు పూర్తవుతోంది. ఇంకో రెండేళ్లు పొడిగింపు రావచ్చు, దాన్ని మేం ఎక్స్‌టెన్షన్ అంటాం. అది రావాలంటే ముందు మెడికల్ పాస్ కావాలి. కళ్లు, గుండె, మోకాళ్లు, చెవులు, ఒక్కటి తప్పినా ఆరోగ్యం కేటగిరీ పడిపోతుంది. కేటగిరీ పడితే ఎక్స్‌టెన్షన్ లేదు, క్వార్టర్ అప్పగించి బయలుదేరడమే. అమ్మాయి పదకొండో తరగతిలో ఉంది, దాని చదువు మధ్యలో తెగుతుంది, అదీ నిజమే. కానీ ఆయన మనసులో ఉన్నది అది కాదని నాకు తెలుసు. జ్వరం వచ్చినా సిక్ రిపోర్టు చేయని మనిషి, చివరాఖర్న చెవిటివాడని రాయించుకుని గేటు దాటాలి. అదీ ఆయన భయం. నాతో ఎప్పుడూ పైకి అనలేదు. యూనిట్‌లో ఇలాంటి చెవులవాళ్లు ఇంకా ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు, ఎవరూ ఎవరితోనూ అనరు, అడగరు. అక్కడి మర్యాద అది.

అందుకని మా ఇంట్లో చెవి బాగానే ఉంది. సెట్‌లోనే తేడా ఉంది.

టీవీ పెట్టిన మర్నాడే మొదలుపెట్టారు. "మాటలు ముద్దగా వస్తున్నాయి."

"నాకు శుభ్రంగా వినపడుతున్నాయండీ" అన్నాను.

"నీకేం, రోజంతా కుక్కర్ విజిల్స్ మధ్య ఉంటావు. మంచి సౌండ్‌కీ చెడ్డ సౌండ్‌కీ తేడా నీకెలాగ తెలుస్తాది?"

నా చెవులకి పేరు పెట్టారు చూశారా. నేనేం అనలేదు. అన్నాను గానీ ఎడమ పక్క నిలబడి అన్నాను.

కొత్త టీవీ పల్చగా ఉంది గనక లోపలి స్పీకర్లు చిన్నవి, అందుకే మాట ముద్దవుతోందని తేల్చారు. అటక మీంచి పాత హోమ్ థియేటర్ దిగింది. జోధ్‌పూర్‌లో ఉన్నప్పుడు మిలిటరీ క్యాంటీన్‌లో తీసుకున్నది. ఐదు స్పీకర్లు, ఒక వూఫర్, వాటన్నిటికీ పెద్దలాంటి బరువైన యాంప్లిఫయర్. షాపువాడిచ్చిన అట్టపెట్టె, థర్మకోల్ ముక్కలు, ప్లాస్టిక్ సంచీలతో సహా భద్రంగా ఉన్నాయి. మా పెళ్లి ఫోటోలు ఏ బదిలీలో పోయాయో ఇప్పటికీ తెలియదు, ఆ థర్మకోల్ మాత్రం ఒక్క మూల కూడా విరగలేదు.

తీరా తీసి చూస్తే, యాంప్లిఫయర్ వెనక ఎరుపూ తెలుపూ రంధ్రాలు ఉన్నాయి, టీవీ వెనక అవి లేవు. టీవీకి ఒక చిన్న చదరపు కన్ను ఉంది, అందులోంచి శబ్దం ఎర్రటి వెలుతురుగా బయటికొస్తుందట. యాంప్లిఫయర్‌కి ఆ కన్ను లేదు. రెండూ మంచివే, జాతకాలు కలవలేదు. ఈయన టీవీ వెనక తలపెట్టి, నోట్లో టార్చి పట్టుకుని, మెడ నొప్పెట్టేదాకా చూశారు. చూస్తే రంధ్రాలు పుడతాయా?

ఆ ఆదివారం నన్ను అశోకా రోడ్డులో మన తెలుగు భోజనం పెట్టే చోటికి తీసుకెళ్తానన్నారు. అశోకా రోడ్డు భోజనమంటే ఈయన ఎక్కడో ఏదో కొనబోతున్నారని అర్థం. ఢిల్లీలో మన పప్పు, గోంగూర పచ్చడి, వేడన్నం ఆకలి మీద పడ్డాక ఆడదానికి కాదనే ఓపిక ఉండదని ఆయన కనిపెట్టేశారు. నాకు తెలిసే తింటాను, రెండుసార్లు పెరుగు వేయించుకుని మరీ తింటాను. తిన్నాక అక్కణ్నించి ఎర్రకోట ఎదురు మార్కెట్‌కి. ఆ సందుల్లో వైర్లూ స్పీకర్లూ గుట్టలుగా పోసి అమ్ముతారు. అక్కడ అగ్గిపెట్టంత కన్వర్టర్ ఒకటి దొరికింది. ఈ పక్క వెలుతురు ఇస్తే ఆ పక్క ఎరుపూ తెలుపూ వైర్లలోంచి శబ్దం వస్తుందన్నాడు షాపతను. "గ్యారంటీ హై క్యా, భయ్యా?" అని నేనడిగితే "చలేగా దీదీ, చలేగా" అన్నాడు. ఢిల్లీలో ఆ "నడుస్తుంది" అన్నది గ్యారంటీ కాదు, ఆశీర్వాదం.

ఇంటికొచ్చి తగిలిస్తే కీచుమని ఒక శబ్దం, తర్వాత అదీ లేదు. ఈయనకి కావలసింది అదే. ఫాల్టు వెతకడంలో ఈయనకొక పద్ధతి ఉంది. మొదట్నుంచి మొదలుపెట్టాలి, ఒక్కో మెట్టూ చూసి, బాగుందని ఖాయం చేసుకున్నాకే తర్వాతి మెట్టుకి వెళ్లాలి, మధ్యలో దేన్నీ వదలకూడదు. సెట్‌టాప్ బాక్స్ బాగుంది. వైరు బాగుంది. టీవీ బాగుంది. కన్వర్టర్ బాగుంది. ఇలా ఒక్కోదానికీ సర్టిఫికెట్ ఇచ్చుకుంటూ వచ్చి, టీవీ సెట్టింగులలో శబ్దం బయటికి పంపే పద్ధతి ఏదో మార్చగానే పాట వచ్చింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. కానీ ఐదు స్పీకర్లలో రెండే పలుకుతున్నాయి. ఆ కన్వర్టర్ అంతకంటే ఇవ్వలేదట. తక్కిన మూడూ గోడకి అలంకారం.

ఈయన మొహం వెలిగిపోయింది. "చూశావా? సినిమాలో మాటలొచ్చేది మధ్య స్పీకర్లోంచి. అదే పలకట్లేదు. మరి మాటలు ముద్దగా రాక ఏటవుతాయి?"

ఆయన తర్కంలో ఎక్కడా తప్పు పట్టలేం. స్పీకర్ దగ్గర ఆగిపోతుంది, అంతే. స్పీకర్ తర్వాత ఇంకో మెట్టుందని నాకు నోటి దాకా వచ్చింది. మింగేశాను. అంతకుముందు ఒకసారి, ఓ పొద్దున్న, "చెవి ఒకసారి చూపించుకోకూడదా" అని మెల్లగా అన్నాను. కుడిపక్క నిలబడే అన్నాను. ఆయన పేపరు మడిచి, బూట్లు వేసుకుని, టిఫిను తినకుండా వెళ్లిపోయారు. సాయంత్రం వచ్చాక ఇద్దరం ఆ మాట అనుకోనట్టే ఉన్నాం. అప్పట్నుంచి నేనూ యాంప్లిఫయర్‌నే అనుమానించడం నేర్చుకున్నాను.

ఇంకో అశోకా రోడ్డు భోజనం అయ్యింది. ఈసారి కొత్త యాంప్లిఫయర్. వసంత్ కుంజ్ షాపులో టీవీ అమ్మినతనే, మమ్మల్ని చూడగానే, "సర్, టేప్ లాయే హైఁ?" అన్నాడు. తెచ్చారు కూడా. పెట్టెకి సరిపోతుందో లేదో కొలిచి, ఠీక్ హై అన్నారు. అట్టపెట్టెని చిన్నపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా గుండెలకి ఆనించుకుని రోడ్డు దాటుతున్నారు. నేను కుడిపక్కన ఉన్నాను. ఎడమ నుంచి మోటార్ సైకిల్ ఒకటి వస్తోంది, హారన్ మీంచి చెయ్యి తీయడం లేదు. రోడ్డు మీద అందరూ తిరిగి చూశారు, ఈయన తప్ప. చొక్కా వీపు దగ్గర పట్టుకుని ఒక్క లాగు లాగాను. బండి ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది.

"చూశాన్లే" అన్నారు.

చూడలేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆటో ఎక్కాం. ఈయన అట్టపెట్టె మూల నలిగిందేమోనని తడిమి చూసుకుంటున్నారు. కోపం ఎంతొచ్చిందంటే ఆ యాంప్లిఫయర్‌ని ఆటోలోంచి తోసేద్దామనిపించింది. ఈయన్ని పోగొట్టుకుంటానేమోనన్న భయం నాకు మొదటిసారి పుట్టింది ఆ ఆటోలోనే.

కొత్త యాంప్లిఫయర్‌కీ టీవీకీ జాతకాలు కలిశాయి గానీ, కొత్త యాంప్లిఫయర్‌కీ పాత స్పీకర్లకీ కలవలేదు. పాత స్పీకర్ల వైర్ల చివర ఆ కంపెనీవాడి సొంత పిన్నులు ఉన్నాయి, వాడి సొంత యాంప్లిఫయర్‌లో తప్ప ఇంకెక్కడా దూరవు. ఈయన పిన్నులన్నీ కత్తిరించి, రాగితీగలు తేల్చి, మెలిపెట్టి బిగించారు. ఒక్కో వైరుకీ రెండు కొసలా చీటీ. ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక ఎడమ, వెనక కుడి. చీటీలు అన్నీ ఒకే ఎత్తులో వేలాడుతున్నాయి, పరేడ్‌కి నిలబడ్డట్టు. ఇల్లు ఊడుస్తుంటే చీపురు ఒకదానికి తగిలి చీటీ ఊడొచ్చింది. నేను మళ్లీ అంటించాను, కానీ తలకిందులుగా అంటించానట. దాని మీద పావుగంట క్లాసు.

తర్వాత మాట ఆలస్యంగా రావడం మొదలైంది. తెర మీద మనిషి నోరు మూసేసి కాఫీ తాగుతుంటే అప్పుడు వస్తుంది అతని డైలాగు. అది సరిచేస్తే, టీవీ ఆపినప్పుడు యాంప్లిఫయర్ ఆగదు. అదీ సరిచేస్తే, ఒక సాయంత్రం మేమెవ్వరం ముట్టుకోకుండానే ఐదు స్పీకర్లలోంచీ పెద్దగా పంజాబీ భజన. ఇల్లు అదిరిపోయింది. పక్క క్వార్టర్ ఆంటీ తన వంటింట్లో ఫోన్లో భజన పెట్టుకుందట, ఆమె ఫోన్ ఆమెకి తెలియకుండానే వచ్చి మా సెట్‌కి తగులుకుంది. గోడ అవతల ఆమె తన ఫోన్ మూగబోయిందని వెతుక్కుంటోంది, గోడ ఇవతల మేం చేతులు జోడించుకుని నిలబడ్డాం. మర్నాడు కూరగాయల బండి దగ్గర ఆమె నాతో అంది, "దీదీ, ఆప్‌కా సిస్టమ్ బహుత్ అచ్ఛా హై. హమేఁ తో ఘర్ బైఠే పూరీ పిక్చర్ సునాయీ దేతీ హై." ఇంట్లో కూర్చునే మా సినిమా మొత్తం వింటోందట, మెచ్చుకుందో మొట్టికాయ వేసిందో తెలియక నవ్వాను.

ఎందుకంటే వాల్యూమ్ అలా ఉండేది. అన్నీ కుదిరాయి, ఐదూ పలుకుతున్నాయి, అయినా ఈయన రిమోట్ మీంచి బొటనవేలు తీయరు. అమ్మాయి గదిలోంచి అరుస్తుంది, "డాడీ, ప్లీజ్, వాల్యూమ్ కమ్ కరో నా." దానికి తెలుగు అర్థమవుతుంది, విసుగు మాత్రం హిందీలోనే వస్తుంది. మధ్య స్పీకర్ పాతదైపోయిందని అదొక్కటీ కొత్తది తెచ్చారు. అప్పుడైతే సెట్ నిజంగానే అద్భుతంగా ఉంది. గుక్క తిప్పుకోవడం, గ్లాసు కింద పెట్టడం, అన్నీ వినిపించేవి. ఈయన దివాన్ మీద కొంచెం ముందుకు వంగి, తల కాస్త పక్కకి తిప్పి, కుడి చెవి తెరకి పెట్టి కూర్చునేవారు. సినిమా అయ్యాక, "ఇందాక వాడు ఆఖర్న ఏటన్నాడు?" అని, ఊరికే అడిగినట్టు అడిగేవారు. నేను చెప్పేదాన్ని. ఇక ఏ వైరునీ, ఏ కన్వర్టర్‌నీ అనడానికి మిగల్లేదు. ఆయన కూడా ఏమీ అనడం మానేశారు, అదే నాకు బాగోలేదు.

మెడికల్ తేదీ వచ్చింది. సోమవారం పొద్దున్న.

ముందురోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈయన టేపు తీసి ఇల్లు కొలవడం మొదలుపెట్టారు. మళ్లీ ఏం కొంటున్నారో అనుకున్నాను. వీధి తలుపు దగ్గర్నుంచి హాలు మీదుగా వంటింటి గట్టు దాకా కొలిచి, గట్టు దగ్గర నేల మీద సుద్దముక్కతో గీత గీశారు.

"నువ్వు ఇక్కడ నిలబడు" అన్నారు.

ఏంటో చెప్పాక అర్థమైంది. మెడికల్‌లో చెవి పరీక్ష ఇలాగే ఉంటుందట. మనిషి గోడకేసి తిరిగి నిలబడతాడు. ఒక చెవి మూసేస్తారు. డాక్టరు వెనకాల ఆరు మీటర్ల దూరంలో నిలబడి, ఊపిరంతా వదిలేసి, ఆ మిగిలిన కాస్త గాలితో గుసగుసగా అంకెలు చెబుతారు. ఇతను వెనక్కి చూడకుండా అవే అంకెలు అప్పచెప్పాలి. మగవాళ్లందరూ బ్యారక్‌లో ఒకరికొకరు ఇలా చెప్పించుకుని సాధన చేస్తారట. ఈయన అక్కడ చేయలేదు. నన్ను పిలిచారు.

"ఒక్కో అంకె చెప్పాక గరిటెతో గట్టు మీద గట్టిగా తట్టు. నేను చెప్పింది కరెక్టో కాదో పెద్దగా చెప్పు" అన్నారు. తన ఫోను తెచ్చి గట్టు మీద, నా పక్కనే పెట్టారు. ఏదో నొక్కి పెట్టారు. టైము చూసుకోవడానికి కాబోలనుకున్నాను.

మొదట ఎడమ చెవి మూసుకున్నారు. నేను ఊపిరి వదిలి, గుసగుసగా నలభై ఏడు అన్నాను. "నలభై ఏడు." ముప్పై మూడు. "ముప్పై మూడు." ఒక్కటీ తప్పలేదు. కుడి చెవి చీమ నడిచినా పట్టేస్తుంది.

తర్వాత కుడి చెవిలో దూది పెట్టి, దాని మీద వేలు నొక్కి నిలబడ్డారు. అరవై ఒకటి అన్నాను. గరిటెతో తట్టాను. చాలాసేపు ఏమీ లేదు. ఆయన సావధాన్‌లో నిలబడి ఉన్నారు, మడమలు కలిపి, వీపు నిటారుగా, తలుపు మీది గొళ్లెంకేసి చూస్తూ. ఇంట్లో వేసుకునే పాత బనీను. మెడ మీద వెంట్రుకలు సగం నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో నేను చూసుకోలేదు.

"డెబ్బై... రెండు" అన్నారు. గాల్లోకి రాయి వేశారు.

కాదు అనాలి నేను. నోరు తెరిచాను. ఆ వీపు చూస్తూ కాదు అనలేకపోయాను.

"కరెక్ట్" అన్నాను.

భుజాలు ఇంకాస్త లేచాయి. ఇంకో అంకె చెప్పాను, ఇంకో తప్పు చెప్పారు. కరెక్ట్ అన్నాను. ఇక అంకెలెందుకు, ఈయనకి ఎలాగూ ఏదీ చేరడం లేదు. ఊపిరి వదిలి, గుసగుసగా, "మీకేమీ వినపడట్లేదు" అన్నాను. గరిటెతో తట్టాను.

"ఇరవై తొమ్మిది."

"కరెక్ట్."

"ఇంకో పది స్పీకర్లు కొన్నా వినపడదు. మొండి మనిషి. మొద్దు మనిషి."

"ఎనభై."

"కరెక్ట్."

ఎన్నాళ్లుగానో మింగిన మాటలన్నీ ఒక్కొక్కటే వచ్చేస్తున్నాయి, నేను ఆపలేకపోతున్నాను. "ఆ రోజు చొక్కా పట్టుకుని లాగకపోతే మీరు లేరు. రోజూ మీరు స్కూటర్ మీద వెళ్లింది మొదలు తిరిగొచ్చేదాకా నా గుండె దడదడలాడుతూనే ఉంటుంది. నాకు భయమేస్తోంది."

"పదిహేడు."

"కరెక్ట్."

"ఎక్స్‌టెన్షన్ నేనేం చేసుకుంటాను. నాకు మొగుడు కావాలి గానీ."

ఈసారి ఎక్కువసేపు ఆలోచించారు. "యాభై రెండు" అన్నారు.

"కరెక్ట్" అన్నాను. పొయ్యివైపు తిరిగి, ఖాళీ గిన్నె మీద మూత తీసి మళ్లీ పెట్టాను.

ఆయన దూది తీసేసి ఇటు తిరిగారు. "ఒక్కటీ తప్పలేదా?"

"ఒక్కటీ తప్పలేదు."

నన్ను ఒక నిమిషం చూశారు. తర్వాత వచ్చి గట్టు మీంచి ఫోను తీసుకున్నారు. దాని తెర మీద ఎర్రచుక్క వెలుగుతోంది. అప్పుడు తెలిసింది నాకు. టెస్టు చేస్తే రికార్డు ఉండాలి, ఇన్నేళ్లుగా ఆ మనిషి పద్ధతి అది. "అదెందుకండీ ఇప్పుడు, టీ పెడతాను, కూర్చోండి" అంటూ వెంటపడ్డాను. ఆయన దివాన్ మీద కూర్చుని ఫోను సెట్‌కి కలిపారు. ఎన్నోసార్లు మొరాయించిన బ్లూటూత్, ఆవేళ ఒక్కసారికే కలిసింది.

నా గుసగుస ఐదు స్పీకర్లలోంచీ వచ్చింది, ముందు అంకెలు, ఆ తర్వాత మాటలు. ఊపిరి వదలడం కూడా వినిపించింది. మీకేమీ వినపడట్లేదు. గరిటె చప్పుడు. ఎక్కడో దూరం నుంచి ఆయన గొంతు, ఇరవై తొమ్మిది. ఆ వెంటనే, పెద్దగా, నేను, కరెక్ట్. మొండి మనిషి, మొద్దు మనిషి. ఎనభై. కరెక్ట్. అమ్మాయి హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. నాకు భయమేస్తోంది అన్నప్పుడు అది నా వంక చూసింది. నేను చీపురు ఎక్కడుందో వెతుకుతున్నాను. ఆయన రిమోట్ ముట్టుకోలేదు, ముందుకు వంగలేదు, తల పక్కకి తిప్పలేదు. చివరిదాకా విన్నారు. నాకు మొగుడు కావాలి గానీ. యాభై రెండు. కరెక్ట్.

రికార్డు ఆగిపోయాక ఆయన ఫోను దివాన్ మీద పెట్టారు.

"మన పెళ్లయిన కాడ్నుంచీ నువ్వు నన్ను ఒక్కసారి కూడా కరెక్ట్ అన్లేదు" అన్నారు. "ఇవాళ వరసపెట్టి అంటూంటేనే నాకు అనుమానమొచ్చింది."

అమ్మాయికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, లోపలికి వెళ్లిపోయింది. నేను అక్కడే పెట్టె మీద చతికిలబడ్డాను. ఆయన లేచి యాంప్లిఫయర్ దగ్గరికి వెళ్లి, మధ్య స్పీకర్ వైరు చీటీ సరిచేసి, సెట్ ఆపేశారు.

"సెట్‌లో తేడా ఏమీ లేదు" అన్నారు. నాతో కాదు, సెట్‌తోనే.

సోమవారం యూనిఫారం ఎప్పటికన్నా శ్రద్ధగా ఇస్త్రీ చేసుకుని వెళ్లారు. నేను కుక్కర్ పెట్టాను, దించాను, మళ్లీ ఏం పెట్టానో తెలియదు. మధ్యాహ్నం దాటాక వచ్చారు. బూట్లు విప్పుకుంటూ చెప్పారు. డాక్టరు చిన్నపిల్లట, మన అమ్మాయి కన్నా ఓ పదేళ్లు పెద్దదేమోనట. గోడకేసి నిలబడమని ఆమె అనగానే, అక్కర్లేదు మేడమ్, ఎడమ చెవి వినపడదు, చాలా ఏళ్లుగా వినపడదు అని తనే చెప్పేశారట. ఆమె ఏదో రాసుకుందట. కేటగిరీ పడుతుంది, ఎక్స్‌టెన్షన్ కేసు ఇక ముందుకి కదలదని ఆఫీసులో అప్పుడే చెప్పేశారట. మిషన్ ఇస్తారట చెవికి, కొలతలు తీసుకోవడానికి మళ్లీ రమ్మన్నారట.

ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, రెండో బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు. ఆ మొహం నేను ఎప్పుడూ చూడలేదు. సెలవు అడగడానికి వచ్చిన కొత్త జవాను మొహం.

"చెప్పీశాను" అన్నారు. "తప్పు చేశానేటే?"

నేను వెళ్లి ఆయన ఎడమ పక్కనే కూర్చున్నాను. చెవి దగ్గరికి వంగి, వీధి వీధంతా వినపడేలా అన్నాను.

"కరెక్టే చేశారు."

ఆయన బూటు కింద పెట్టారు. "మళ్లీ చెప్పు."

"ఏం, వినపడలేదా?"

"వినపడింది. మళ్లీ చెప్పు."